మా తీతు జీవిత చరిత్ర

16 జూన్ 1985, ఆదివారం

మా తమ్ముడు తీతు పోయి ఈరోజుకు మూడో రోజు. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు పోయాడు. ముప్పై రెండేళ్ళు.

ఇంతకంటే రాయలేను.

17 జూన్

బడి తెరిచారు. పోయాను. పోకుంటే ఇంట్లో ఉండి ఏం చేయాలి? ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాను. ఒక్కడూ అల్లరి చేయలేదు. టీచరమ్మ తమ్ముడు చచ్చిపోయినాడు, గమ్మున కూచోండి అని ఇళ్ళల్లో చెప్పి పంపినట్టున్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఏం, నోళ్ళు పడిపోయినాయా మీకు?" అని అరిచాను. అప్పుడు గాని మామూలు గోల మొదలుపెట్టలేదు.

19 జూన్

ఉపదేశి తిప్పన్న వచ్చాడు. మా నాయన పోయిన తరువాత మా ఊరి చర్చిని చూసుకునేది ఇతనే. పాస్టరు అయ్యగారు నెలకొకసారి, చివరి ఆదివారం, రాయదుర్గం నుంచి బస్సులో వచ్చి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి సంస్కారం ఇచ్చి పోతారు. మిగతా ఆదివారాలన్నీ తిప్పన్నవే.

"అక్కా, అయ్యగారు చెప్పి పంపినాడు. జ్ఞాపకార్థ కూడిక వచ్చే నెల చివరి ఆదివారం పెట్టుకుందామంట. నలభయ్యో దినం మంగళవారం పడతాది, ఆ పొద్దు ఆయనకు వచ్చేకి కాదంట."

"సరే."

"తీతు జీవిత చరిత్ర నువ్వే రాసి చదవల్లంట. నీకన్నా బాగా ఎవురు రాస్తారు?"

మాలో ఎవరు చనిపోయినా జీవిత చరిత్ర రాసి అందరి ముందూ చదవడం వాడుక. ఈ ఊళ్ళో ఇరవై మందికైనా నేనే రాసి ఉంటాను. వరుస అందరికీ ఒకటే. ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు బాప్తిస్మం, ఏ సంవత్సరం బిషప్పుగారి చేత కన్ఫర్మేషన్ పొంది ప్రభువు బల్లకు వచ్చారు, పెళ్ళి, పిల్లలు, ఎప్పుడు ప్రభువునందు నిద్రించారు. ఒక్క అక్షరం రాని వాళ్ళకు కూడా ఒక పేజీ వస్తుంది. తీతుకు అర పేజీ దాటదు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. బల్ల లేదు.

బల్ల ఎందుకు లేదంటే, వాడి కన్ఫర్మేషన్‌కు పాత అయ్యగారు ఒప్పుకోలేదు. అంతే. నేనేం చేయను?

21 జూన్

మొదలుపెట్టాను.

"తీతు 1953వ సంవత్సరమున ఉపదేశి గురప్ప, నల్లమ్మ దంపతులకు రెండవ సంతానముగా జన్మించెను."

ఆ తరువాత కలం ఆగింది. ఏమని రాయాలి? వారగా ఉండే కళ్ళు, పొట్టి మెడ, పొట్టి వేళ్ళు, మాట ముద్దగా వచ్చే నాలుక. ఊళ్ళో మొద్దు అన్నారు, పిచ్చోడు అన్నారు. వాడికి పద్దెనిమిదేళ్ళప్పుడు బళ్ళారి ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ చెప్పేదాకా దానికొక పేరుందని మాకు తెలియదు. డౌన్ సిండ్రోమ్ అంది. పుట్టుకతోనే అట్లా పుడతారు, ఎవరి తప్పూ కాదు, ఎవరి పాపమూ కాదు అంది. గుండెలో కూడా తేడా ఉంది, పాతికేళ్ళు బతికితే గొప్ప అంది. అమ్మ అప్పటికే లేదు. నాయన ఆ డాక్టరమ్మకు దండం పెట్టాడు, ఎవరి పాపమూ కాదు అన్నందుకు. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. తీతు నాయన గడ్డం పట్టుకుని "ఏమాయ నాయనా, సూది వేసినారా?" అని అడిగాడు.

ఇదంతా జీవిత చరిత్రలో రాసేది కాదు.

24 జూన్

బస్సు శబ్దానికి ఈరోజు కూడా పాఠం మధ్యలో లేచి బడి వాకిట్లోకి వచ్చాను. బుద్ధి లేదు నాకు.

రాయదుర్గం బస్సు పదిన్నరకు మా ఊళ్ళో ఆగాలి. ఆగేది పదకొండున్నరకు. తీతు మాత్రం పదికే పోయి స్టాపులో కూర్చునేవాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, తల తడిపి దువ్వుకుని పోయేవాడు, పెళ్ళికొడుకు మాదిరి. దిగిన ప్రతి ఒక్కరి చేయి పట్టుకుని ఊపేవాడు. "వస్తివా! మంచి పని చేస్తివి!" అనేవాడు. గొర్రెలాయనకైనా అదే, కరెంటాయనకైనా అదే, ఎవరో దారి తప్పి దిగినవాళ్ళకైనా అదే. ఊరి బయటి మా గేరి వాడు ముట్టుకున్నాడని రెడ్డిగారి పెద్దకొడుకు ఒకసారి చేయి విదిలించుకున్నాడు. తీతు రెండో చేయి పట్టుకున్నాడు. ఏం చేస్తాడు, మూడో చేయి లేదు కదా, నవ్వేశాడు. ఆ తరువాత నుంచి బస్సు దిగితే ఆయనే ముందు చేయి చాచేవాడు. సమాధి రోజు వచ్చి గేటు బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు, పోనూ లేదు.

రెండేళ్ళ కింద చర్చి వెనక బోరు వేశారు. రెండు వందల అడుగులు దింపినా తెల్లటి దుమ్మే. కణేకల్లు వాళ్ళకు కాలవ నీళ్ళు, మాకు దుమ్ము. ఊరంతా తలలు పట్టుకుని కూర్చుంటే, దుమ్ము కొట్టుకుపోయిన తీతు ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు.

"నీళ్ళు పడలేదు కదరా, ఎందుకు కొడతాండావు?" అని తిప్పన్న కసిరాడు.

"బోరుబండి బాగా పాట పాడె కదన్నా" అన్నాడు.

అందరూ నవ్వారు. ఏడవాల్సిన వాళ్ళు నవ్వారు. వాడున్న చోట అట్లా జరిగేది.

ప్రార్థన చెప్పమంటే ఊళ్ళో అందరి పేర్లూ చెప్పేవాడు. వరుసగా, ఇంటింటికీ. తరువాత మేకలు. తరువాత బస్సు, డ్రైవరు, కండక్టరు. మా మోకాళ్ళు నొప్పి పుట్టేవి. పరలోక ప్రార్థన మాత్రం ఎప్పుడూ పూర్తి చేయలేదు. ఆహారం అడిగే మాట దాకా వచ్చి ఆమెన్ అనేవాడు. ముందుకు పోరా అంటే "చాలక్కా, అడిగితిమి కదా" అనేవాడు.

30 జూన్, ఆదివారం

సంస్కారపు ఆదివారం. తీతు లేని మొదటిది.

రొట్టె ఇరవై ఏళ్ళుగా నేనే చేస్తున్నాను. పట్నం చర్చిల్లో పల్చటి బిళ్ళలు ఇస్తారంట. మా ఊళ్ళో గోధుమపిండి ఉప్పు లేకుండా గట్టిగా కలిపి, పెనం మీద మందంగా కాల్చిన రొట్టె. అయ్యగారు బల్ల దగ్గర విరిచి అరచేతిలో పెడతారు. ఆ ముక్కను తెచ్చుకుని, ఎవరి చాప మీద వాళ్ళు మోకరించి, ఒంటరిగా ప్రార్థన చేసుకుని తినడం మా ఊరి అలవాటు. తొందర లేదు, తోపులాట లేదు. నేను ముందు వరసలో, గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని తింటాను.

నేను పిండి కలుపుతుంటే తీతు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. పొద్దున పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పి నెత్తిన పెడితే, రెండు చేతులతో పట్టుకుని చర్చి దాకా మోసేవాడు. ఊరంతటినీ పలకరించే మనిషి, ఆ కాస్త దూరం ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. ఒక్కరోజు కూడా గుడ్డ కదిలింది లేదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, పోయి వెనక తలుపు దగ్గర చాప మీద కూర్చునేవాడు. కన్ఫర్మేషన్ కాని చిన్నపిల్లల చాప అది. ముప్పై రెండేళ్ళ మనిషి.

ఈరోజు పళ్ళెం నేనే మోశాను. సంస్కారం తీసుకున్నాను. ముక్క గొంతులో నిలిచి దగ్గు వచ్చింది. మా గేరిలో అందరికంటే పెద్దది మారెక్క, డెబ్బై దాటింది, లేచి వచ్చి నా వీపు నిమిరి పోయింది.

పాత అయ్యగారు ఆరోజు ఒప్పుకొని ఉంటే వాడు నా పక్కనే మోకరించి తినేవాడు.

2 జూలై

వాన లేదు. శెనక్కాయ విత్తనం ఇళ్ళల్లోనే ఉంది.

5 జూలై

పక్కింటి తిమ్మమ్మ సంగటి, ఊరుబిండి తెచ్చి పెట్టింది. కూర్చుని నా చేయి పట్టుకుంది.

"మా దేవుడు వేరే, మీ దేవుడు వేరే కానీ దొర్కమ్మా, ఏ దేవుడైనా నీకు మేలే చేయల్ల. ఎవురు చేస్తారమ్మా ఇట్ల? తమ్ముని కోసరం పెండ్లి వద్దంటివి. మొగుడు వద్దు, పిల్లలు వద్దు, నాకు నా తీతు చాలంటివి. మా ఇండ్లల్లో నిన్ను చూపించే ఆడపిల్లలకు బుద్ధి చెప్తాము."

నేను తల వంచుకుని సంగటి తిన్నాను. కాదనలేదు. కాదనకుండా పదకొండేళ్ళు గడిపాను, ఇంకొక పూట ఎంత?

8 జూలై

"1974వ సంవత్సరమున"

దీని తరువాత రాయడం లేదు. నాలుగు కాగితాలు చింపాను. టీచరుద్యోగం చేసేదానివి, వాక్యం పూర్తి చేయవే.

11 జూలై

పాత అయ్యగారు ఒప్పుకోలేదని ఈ పుస్తకంలో రాశాను. రెండుసార్లు రాశాను. అది అబద్ధం.

12 జూలై

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నదాన్ని. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

1974లో రాయదుర్గం చర్చిలో బిషప్పుగారు కన్ఫర్మేషన్ ఇస్తారని కబురొచ్చింది. మా ఊరి నుంచి ఎవరెవరు పోవాలో పాత అయ్యగారు తన చేత్తో పేర్లు రాశారు. పదకొండు పేర్లు. పదకొండోది తీతు. పిల్లలకు ప్రశ్నలు, జవాబులు నేర్పించేది నేను. "వాడు అప్పజెప్పలేడండీ" అన్నాను.

"అప్పజెప్పల్లంటే చిలక కూడా అప్పజెప్తాది. ప్రభువెవరో వానికి తెలుసమ్మా. నాకన్నా బాగా తెలుసు" అన్నారు అయ్యగారు.

ఆ నెలలోనే గుత్తి నుంచి నాకొక సంబంధం వచ్చింది. హెడ్మాస్టరు, భార్య పోయినాయన. నన్ను చూడడానికి ఆ కన్ఫర్మేషన్ రోజునే రాయదుర్గం చర్చికి వస్తామని రాశారు. నాకప్పటికి ముప్పై. ఇక వచ్చే సంబంధం ఇదేనని నాకు తెలుసు.

తీతు తెల్లచొక్కాతో వరుసలో నిలబడడం ఊహించుకున్నాను. బిషప్పుగారు తల మీద చేయి పెట్టబోతే ఆ చేయి పట్టుకుని ఊపి "వస్తివా!" అంటాడు. చర్చి అంతా నవ్వుతుంది. గుత్తి వాళ్ళు ఎవరీ మనిషి అని అడుగుతారు. ఆమె తమ్ముడే అంటారు. రేపు ఈమె కడుపున కూడా ఇట్లాంటి బిడ్డే పుడుతుందేమో అని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇదీ నా భయం. డాక్టరమ్మ ఎవరి తప్పూ కాదందని నాకు గుర్తే. గుర్తుండి కూడా సిగ్గుపడ్డాను. నా తమ్ముణ్ణి చూసి నేను సిగ్గుపడ్డాను.

పేర్ల పట్టీ శుభ్రంగా తిరగరాసి ఇచ్చేది నేనే. పది పేర్లు రాశాను.

"తీతు పేరేదమ్మా?" అన్నారు అయ్యగారు.

"నాయన వద్దన్నాడండీ" అన్నాను.

ఇంటికి పోతే నాయన తెల్లగుడ్డ కొని పెట్టుకున్నాడు. "తీతుకు చొక్కా కుట్టించల్ల కదమ్మా, పొద్దు లేదు" అన్నాడు.

"అయ్యగారు ఒప్పుకోలేదు నాయనా" అన్నాను.

ఇద్దరూ మర్యాద గల మనుషులు. ఈయన పోయి ఆయనను అడగలేదు, ఆయన వచ్చి ఈయనను అడగలేదు. అయ్యగారు మా ఊరికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే భోంచేసేవారు. అది ఆగిపోయింది. నాయన బస్సు దాకా పోయి సాగనంపడం మానేశాడు. ఐదేళ్ళ తరువాత నాయన పోతే, సమాధి దగ్గర అయ్యగారు ప్రార్థన మధ్యలో ఏడ్చారు. "గురప్ప నాకెందుకు దూరమైనాడో నాకు తెలియకపాయె ప్రభువా" అన్నారు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఇంకో రెండేళ్ళకు ఆయనా పోయారు.

కన్ఫర్మేషన్ రోజు తీతును మారెక్క ఇంట్లో వదిలి, పది మందినీ తీసుకుని బస్సెక్కాను. పదిమందీ తడుముకోకుండా జవాబులు చెప్పారు. బిషప్పుగారు నన్ను మెచ్చుకున్నారు. గుత్తి వాళ్ళు చూశారు, పోయారు. వారం తరువాత ఉత్తరం వచ్చింది, వయసు ఎక్కువగా కనిపిస్తోంది, మన్నించండి అని. తీతు సంగతి వాళ్ళకు తెలియనే తెలియదు.

నేను పెళ్ళి వద్దనలేదు. నన్నే వద్దన్నారు. ఊళ్ళో ఇంకోరకంగా పాకింది. నేను పాకనిచ్చాను.

13 జూలై

రాస్తే మనసు తేలికవుతుందంటారు. ఏమీ కాలేదు.

14 జూలై, ఆదివారం

1978లో మళ్ళీ కన్ఫర్మేషన్ వచ్చింది. 1982లో వచ్చింది. రెండుసార్లూ వాడే అడిగాడు.

"అక్కా, నాకు?"

"నీకు జవాబులు రావు కదా నాయనా. నేర్చుకో, అప్పుడు."

నేర్చుకున్నాడు. పొద్దున వాకిలి ఊడుస్తూ, నీళ్ళు చల్లుతూ, మేకను కట్టేస్తూ. నా వెంటబడి "అడుగక్కా, అడుగు" అనేవాడు. అడిగేదాన్ని.

"నిన్ను చేసినదెవరు?"

"దేవుడు."

"ఎందుకు చేసినాడు?"

దీనికి జవాబు నాలుగు వరుసలు ఉంటుంది. దేవుని మహిమపరచుటకు అని మొదలవుతుంది. వాడు కాసేపు ఆలోచించి, మొహమంతా నవ్వు చేసుకుని "అక్కకు తోడు" అనేవాడు.

"తప్పు. మళ్ళీ చెప్పు."

"అక్కకు తోడు."

తప్పు అన్నాను. ఏడేళ్ళు తప్పు అంటూనే ఉన్నాను. ఇప్పుడు ఈ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆ ప్రశ్న నాకు నేనే వేసుకుంటున్నాను, ఇంకే జవాబూ తోచడం లేదు.

17 జూలై

ఆ శుక్రవారం గురించి రాయాలి.

నాలుగు రోజులుగా రొమ్ము పట్టేసి దగ్గు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. తిప్పన్న ఎద్దులబండి కట్టించి రాయదుర్గం తీసుకుపోదామన్నాడు. తీతు మంచం పట్టె పట్టుకుని రానన్నాడు.

"అయ్యగారు ఎప్పుడొస్తాడక్కా?"

"ఎల్లుండి ఆదివారం వస్తాడు."

చివరి ఆదివారం ఎల్లుండి కాదు, ఇంకా రెండు వారాలుంది. వాడికి వారాలు తెలియవులే అనుకున్నాను. మళ్ళీ అబద్ధమే. చావబోయేవాడితో కూడా.

"రొట్టె నేను మోస్తా" అన్నాడు.

"నువ్వే మోద్దువు."

"పడేయను."

"పడేయవు నాయనా. నువ్వు ఎప్పుడు పడేస్తివి?"

నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఒక రొట్టె కాల్చి, ప్రార్థన చేసి, నేనే ఒక ముక్క నోట్లో పెట్టి ఉంటే ఏమయ్యేది? ఆకాశం విరిగి పడేదా? నాకు తోచనే లేదు. నియమం ప్రకారం నడిచేదాన్ని కదా. పదకొండేళ్ళ కింద నియమం తప్పించిందీ నేనే.

20 జూలై

ఈ పూట ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఒక్క వరుస రాయకుండా వదిలేస్తే? "బాప్తిస్మము పొందెను" తరువాత నేరుగా "ప్రభువునందు నిద్రించెను" రాస్తే? ఇప్పటి అయ్యగారు కొత్తవారు, అడగరు. ఊరివాళ్ళకు వాడు వెనక చాప మీద కూర్చున్నది తెలుసు, ఎందుకో తెలియదు. అయ్యగారు ఒప్పుకోలేదని అందరూ నమ్ముతున్నారు. నమ్మనివ్వచ్చు.

చెబితే ఏమవుతుంది? పిల్లల ఆదివారపు బడి నా చేతిలో ఉంచుతారా? రొట్టె నా చేత చేయిస్తారా? తిమ్మమ్మ ఇంక నన్ను చూపించి ఎవరికి బుద్ధి చెబుతుంది? నలభై ఒక్కేళ్ళకు నాకున్నది ఈ పేరొక్కటే. తమ్ముడూ లేడు.

చెప్పకపోతే, చచ్చిపోయిన అయ్యగారి నెత్తిన నా తప్పు ఉండిపోతుంది. తీతు ఏమీ తెలియనివాడు, అందుకే బల్లకు రాలేదు అన్న మాట ఉండిపోతుంది. అది వాడి జీవిత చరిత్ర కాదు. అది నేను వాడికి తొడిగినది.

22 జూలై

నాలుగు చినుకులు పడ్డాయి. నేల వాసన వచ్చింది, అంతటితో సరి. తీతు ఉంటే ఇంటింటికీ పోయి వాన వచ్చిందని చెప్పేవాడు.

25 జూలై

ఒకటి రాశాను, ఆ వరుస వదిలేసి. ఒకటి రాశాను, వరుసతో. రెండూ పెట్టెలో ఉన్నాయి.

27 జూలై, శనివారం

పిండి కలిపాను. ఎదురుగా ఎవరూ లేరు. ఏడుస్తూ కలిపాను, దోసెడు నీళ్ళు ఎక్కువై పల్చనైతే మళ్ళీ పిండి పోశాను.

ఏ కాగితం తీసుకుపోవాలో ఇప్పటికీ తెలియదు. తెలుసు. ధైర్యం లేదు.

28 జూలై, ఆదివారం, సాయంత్రం

జరిగినది జరిగినట్టు రాస్తాను.

ఈరోజు కూడికే ముందు పెట్టారు, సంస్కారం తరువాత అన్నారు. చర్చి నిండింది. తిమ్మమ్మ వాళ్ళు కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. అయ్యగారు మాట్లాడుతూ నా గురించి చెప్పారు, ఈ కాలంలో ఇట్లాంటి త్యాగం అరుదు అని. నాకు నేలలోకి కూరుకుపోవాలనిపించింది. అప్పటిదాకా సంచిలో రెండు కాగితాలున్నాయి. ఆ మాట విన్నాక, వరుస వదిలేసిన కాగితం బయటికి తీయలేకపోయాను.

నిలబడి చదివాను. పుట్టుక, బాప్తిస్మం. తరువాత ఆ వరుస.

"1974వ సంవత్సరమున కన్ఫర్మేషన్ కొరకు అయ్యగారు తీతు పేరు తన చేత్తో వ్రాసిరి. ఆ పేరు నేను తీసివేసితిని."

తల ఎత్తలేదు. కాగితం పక్కన పెట్టేసి మామూలు మాటల్లో చెప్పాను. గుత్తి సంబంధం చెప్పాను. అయ్యగారితో ఒక అబద్ధం, నాయనతో ఒక అబద్ధం ఆడానని చెప్పాను. పెళ్ళి నేను వద్దనలేదని చెప్పాను. "పాత అయ్యగారి తప్పు ఏమీ లేదు. మా తీతుకు తెలివి లేక కాదు. నాకు సిగ్గు. నా సిగ్గు వల్ల నా తమ్ముడు ప్రభువు బల్ల రుచి తెలియకుండానే పోయినాడు" అన్నాను. నా గొంతులో మా ఊరి మాట వచ్చేసింది.

అయ్యగారు పుస్తకం వైపు చూస్తున్నారు. ఎవరైనా లేచి నన్ను తిడితే బాగుండు అనుకున్నాను.

మారెక్క లేచింది. గోడ పట్టుకుని లేచింది.

"అట్ల చెప్పొద్దు టీచరమ్మా. వానికి రుచి తెలుసు."

నాకు అర్థం కాలేదు.

"నా ముక్కలో సగం వానికే పెడ్తాంటి. శానా ఏండ్ల నుంచీ. నేను వెనక చాప పక్కనే కదా కూచ్చునేది. తప్పని తెలుసు. అయ్యగారూ, తిట్టేది ఉంటే నన్ను తిట్టండి. నెత్తిన మోసుకొచ్చినోడు ఎదురుగా కూచ్చోని చూస్తాంటే, నాకు ఆ ముక్క యాడ దిగుతాది?"

అయ్యగారు ఏదో అనబోయారు. ఆలోగా తిప్పన్న లేచాడు. ఉపదేశి. మెల్లగా అన్నాడు.

"నేనూ పెట్టినా అయ్యగారూ. పళ్ళెం ఎత్తిపెట్టేకి పోయేటప్పుడు. నేనొక్కణ్ణే పెడతాండానని అనుకుంటి."

వెంకటేశులు లేచాడు. 1974లో నేను తీసుకుపోయిన పది మందిలో వాడొకడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. "నేను కూడా టీచరమ్మా. మొదటి దినం నుంచీ. నాకు జవాబులన్నీ వచ్చు కాబట్టి ఇచ్చినారు, వానికి రావని ఇయ్యలేదు, నాకు బాగలేకపాయె." వాడి వెనక వాడి భార్య లేచింది. ఆ పక్క వరసలో ఇద్దరు ముసలివాళ్ళు లేచారు. అట్లా ఒకరి తరువాత ఒకరు. ఒకరినొకరు చూసుకుంటున్నారు, నువ్వు కూడానా అన్నట్టు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తీతు ఎవరి మాటా ఎవరికీ చెప్పలేదు. బస్సు దిగిన ప్రతివాడికీ ఇంటి సంగతులన్నీ చెప్పేవాడు, ఇది మాత్రం దాచాడు. అర్థం చేసుకోలేడని నేను పేరు కొట్టేసినవాడు.

"నాకెందుకు చెప్పలేదు మారెక్కా?" అన్నాను. అరిచాననుకుంటాను.

మారెక్క నా దగ్గరికి వచ్చి మొహం నిమిరింది.

"చెప్దామా రా అక్కకు, అని అడిగితినమ్మా వాణ్ణి. వద్దు అవ్వా, అక్కకు నేనంటే సిగ్గు, అనె. నవ్వుతానే అనె."

ఆ తరువాత అయ్యగారు సంస్కారం ఇచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు. అందరూ అరచేతుల్లో ముక్కలు తెచ్చుకుని వాళ్ళ వాళ్ళ చాపల మీద మోకరించారు. ఈసారి నేను గోడ వైపు తిరగలేదు. వెనక్కి తిరిగి చూశాను. తలుపు పక్కన చిన్నపిల్లల చాప, దాని చుట్టూ ఇంతమంది. ఆ చాపకు అన్నిటికంటే దూరంగా ఉన్నది నేనే.

ఆ రొట్టె ఇరవై ఏళ్ళుగా నా చేతులతోనే చేశాను. ఊరంతా వాడికి పెట్టింది. పెట్టనిది నేనొక్కదాన్నే.